వక్క గడి

గంజాము జిల్లాలోని ఒక చిన్న పట్టణమున నేను 35 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసితిని. అందులో 14 ఏండ్లు జనన మరణముల నమోదు బల్లవద్దనే గడచినవి. మా తాతగారి కాలమున ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడగా, ఉన్న యిల్లు కదలకుండగనే మేము పైరాష్ట్రము వారమైతిమి. నేను ఒడియా చదివి ఒడియాలోనే ఉద్యోగము చేసితిని. ఇంటిలో మాత్రము తెలుగు. నా భార్య వ్రాసిన చాకలిపద్దు మొదలు మా అబ్బాయికి చెప్పిన కథల వరకు అంతయు తెలుగే.

ఆమె 2023 మాఘమాసమున ఒక తెల్లవారుజామున మా యింటనే కన్నుమూసినది.

పదుమూడు దినములును నాకు ఏడ్పు రాలేదనిన, చదువరులు నన్ను కఠినునిగా తలంతురేమో. అనుభవమున్నవారికి తెలియును. సంచయనమునకు కుండలు, ధర్మోదకములకు వచ్చు బంధువులకు బస, భోక్తలకు దక్షిణలు, ఇవన్నియు ఎవరో ఒకరు చూడవలెను గదా! మా అబ్బాయి కర్త. వానికి తెలుగు మాటయే గాని అక్షరము రాదు. పురోహితుడు మంత్రమును తునకలుగా చెప్పుచుండ, వాడు చంటిబిడ్డవలె పలికెను. అస్థులను గోపాలపురము సముద్రమున కలిపి వచ్చితిమి. నా భార్యను ‘నానీ’ అని, అనగా అక్కా అని పిలిచెడి పొరుగింటి ఒడియా ఇల్లాలు, మా పొయ్యి రాజని దినములలో అన్నము వండి పంపినది. శుభస్వీకారమైన మరునాడు అందరును రైలెక్కిరి.

మరణమును 21 దినములలో తెలుపవలెను. ఇంటిలో జరిగినచో ఆ బాధ్యత గృహయజమానిది. ఈ నిబంధనను ఎందరికో కసరి చెప్పిన నేను 19వ నాటివరకు కదలలేదు.

బల్లవద్ద కొత్త కుర్రవాడున్నాడు. నివేదిక పత్రమును చేతికిచ్చెను. మృతురాలి పేరుండవలసిన చోట నా చేయి నన్నడుగకయే తెలుగులో వ్రాసినది. చూచుకొని సిగ్గుపడితిని. కుర్రవాడేమియు అనక మరియొక పత్రము తీసి, “మీరు కూర్చోండి సార్, చెప్పండి, నేను రాస్తాను” అని ఒడియాలో అనుచు కుర్చీ జరిపెను.

అప్పుడొక ముసలివాడు జ్ఞప్తికి వచ్చెను. 1998 ప్రాంతమున, కొడుకు పోయినవాడు, కొడుకు పేరుండవలసిన చోట తన పేరు వ్రాసికొని వచ్చెను. కొట్టివేతలున్న కాగితము చెల్లదని రెండుమారులు త్రిప్పి పంపితిని. నిబంధన ప్రకారమే చేసితినని చాలకాలము అనుకొంటిని. అతనికి కుర్చీ చూపినట్లు మాత్రము జ్ఞాపకము లేదు.

వయస్సు, వృత్తి, వైద్యము, ఈ ప్రశ్నలు గడచినవి. ఆ పత్రమున చివర కొన్ని గడులున్నవి: మృతులకు పొగాకు, వక్క, మద్యము అలవాటున్నదా, ఉన్నచో ఎన్ని సంవత్సరములనుండి? నా హయాములో వాటిని అడుగకయే ‘లేదు’ అని నింపెడివాడను. ఎవరు చూచెదరు? ఈ కుర్రవాడు అడిగెను.

వక్క! మధ్యాహ్నభోజనమైన పిదప పీటపై కూర్చుండి అడకత్తెరతో వక్క కత్తిరించుకొనుట ఆమెకున్న ఒకేయొక విలాసము. జీతమందిన నాడు పోకల పొట్లము తెచ్చుట నా వంతు. 1987లో ఆమె కాపురమునకు వచ్చిన మొదటి నెలనుండి తెచ్చుచుంటిని. పింఛనులో కూడ ఆ పద్దు మానలేదు. లెక్కించి 36 అని చెప్పబోవుసరికి కంఠము పూడిపోయినది. పదుమూడు దినములు రాని ఏడ్పు, వెనుక పదిమంది వరుసలో నిలిచియుండగా, ఆ బల్లవద్ద వచ్చినది.

ఎవ్వరును తొందరపెట్టలేదు. కుర్రవాడు కలము మూసి వేచియుండెను.

ధ్రువపత్రము వచ్చినది. అందులో వక్క సంగతి ఉండదు. అడకత్తెర వంటయింటి గూటిలోనే యున్నది. తుప్పు పట్టకుండ నెలకొకమారు నూనె రాయుచున్నాను.