మిలిట్రీ మొహం చూడని మిలిట్రీ జీపు

మన ఐటీ జనాల్లో నలభై దగ్గర పడేసరికి ఏదో ఒక పిచ్చి పట్టడం మామూలే. ఒకడు మారథాన్లంటాడు. ఇంకొకడు మొయినాబాద్ వైపు అరెకరం కొని, కిలో వెయ్యి రూపాయలు పడేలా వంకాయలు పండించుకుని తింటాడు. నా పిచ్చి పాత జీపులు. ఆఫీసులో ఈ మాట చెబితే "ఓ, థారా?" అంటారు. అక్కడ ఒళ్ళు మండుతుంది నాకు.

ముందు ఒక అపోహ సంగతి చూద్దాం. మన వైపు ఎవరైనా "మా తాత మిలిట్రీ జీపు" అని ఫోటో చూపిస్తే, చాలాసార్లు అది మిలిట్రీ మొహం కూడా చూసి ఉండదు. యుద్ధం నాటి అసలు జీపు అంటే విల్లీస్ ఎంబీ, లేదా ఫోర్డ్ వాళ్ళు చేసిన జీపీడబ్ల్యూ. 1941 నుండి 45 దాకా రెండూ కలిపి సుమారు 6 లక్షల 40 వేలు తయారయ్యాయి. ఇందులో మనలాంటివాళ్ళకి నచ్చే కథొకటుంది. 1940లో మొదటి నమూనా చేసింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. అమెరికా సైన్యం ఆ డిజైను తీసుకెళ్ళి విల్లీస్, ఫోర్డ్ చేతుల్లో పెట్టింది. పెద్ద ఆర్డర్లు వాళ్ళకి, బాంటమ్‌కి ట్రైలర్లు. స్టార్టప్పులకి జరిగే అన్యాయం ఈనాటిది కాదన్నమాట.

మన దేశంలో యుద్ధం అయ్యాక మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపుల్ని ఇక్కడే బిగించడం మొదలెట్టారు. తర్వాత సీజే3బీ అనే మోడల్ని ఇక్కడే తయారు చేశారు. అమెరికాలో అది 1968లో ఆగిపోయినా మనవాళ్ళు వదల్లేదు. బ్లాకాఫీసు జీపు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం జీపు, ఫారెస్టు జీపు, ఎస్సైగారి జీపు... మన చిన్నప్పుడు చూసినవన్నీ దాని సంతానమే. సైన్యం వాడినవి కూడా ఉన్నాయి, కాదనను. జబల్పూరులో నిస్సాన్ డిజైనుతో చేసిన జోంగా ఉంది, తర్వాత జిప్సీ వచ్చింది. అవి వేలంలో బయటికొస్తుంటాయి. కొనేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి. సైన్యం నుండి వచ్చిన బండికి ఆర్సీ ఉండదు, అసలు ఫారం 21 ఉండాలి. అది లేకుండా "మనోడు ఆర్టీయే ఆఫీసులో ఉన్నాడు, చూసుకుంటాడు" అంటే అక్కణ్ణించి లేచి వచ్చేయండి.

ఇంకో రకం కూడా ఉంది. హర్యానా సరిహద్దులో మండీ డబ్వాలీ అని ఊరుంది, అక్కడ జీపు అంటే కుటీర పరిశ్రమ. కొత్త రేకుతో తక్కువ ఎత్తు బానెట్టు బాడీ చేసి, ఏదో ఇంజను పెట్టి, తెల్ల చుక్క అచ్చేసి ఇస్తారు. తప్పేం లేదు, బానే ఉంటాయి కూడా. కానీ దాన్ని "1942 విల్లీస్" అని చెప్పి అమ్మితే మాత్రం కాస్త వంగి చూడాలి. ఫోర్డ్ అయితే బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం ఉంటుంది. ముందు జల్లెడ చీలికలు లెక్కపెట్టండి, యుద్ధం నాటివాటికి 9, తర్వాత వచ్చిన సివిల్ జీపులకి 7. కాకపోతే డబ్వాలీ వాళ్ళకీ లెక్కలొచ్చు, 9 కూడా కొడతారు :)

సరే, నా జీపు. మాది నేలకొండపల్లి. రామదాసు పుట్టిన ఊరు, పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, విరాటరాజు దిబ్బ ఉన్న ఊరు. ఇన్ని ఉన్నా బస్సులో పక్కవాడికి "ఖమ్మం దగ్గర" అనే చెప్పుకోవాలి. మాకు వరసకి బాబాయి ఒకాయన కొట్టంలో, వరిగడ్డి కింద, పదిహేనేళ్ళుగా ఒక సీజే3బీ పడుంది. ప్రభుత్వ వేలంలో వాళ్ళ నాన్న కొన్నాడట. ఆర్సీ 1971ది, ట్రంకు పెట్టెలో పెళ్ళి శుభలేఖల మధ్య దొరికింది. లక్షా అరవై వేలకి ఇచ్చాడు. మా ఆవిడ "గడ్డితో సహానా?" అంది.

లోపల ఉన్నది డీజిలింజను. 80ల్లో పెట్రోలు ఖర్చు భరించలేక మార్చారు. అప్పట్లో అందరూ చేసిన పనే. అదృష్టమేంటంటే అసలు పెట్రోలింజను ఆ కొట్టం మూలలోనే గోనెసంచుల కింద ఉంది. నంబరు ఆర్సీతో కలిసింది. ఆ రోజు నా సంతోషం ప్రొడక్షన్ డేటా పోయిందనుకున్నాక బ్యాకప్పు దొరికినవాడికే అర్థమవుతుంది.

ఆ ఇంజను పేరు హరికేన్. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. యుద్ధం నాటి ఇంజన్లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. దీన్లో గాలి లోపలికొచ్చే వాల్వుల్ని హెడ్డులోకి తెచ్చారు, పొగ వెళ్ళేవి బ్లాకులోనే ఉంచారు. దాంతో శక్తి పెరిగింది, ఇంజను ఎత్తూ పెరిగింది, పాత బానెట్టు పట్టలేదు. ఏం చేశారంటారు? బానెట్టుని ఎత్తు చేసేశారు, అంతే. సీజే3బీ కాస్త తల ఎగరేసినట్టుండటానికి కారణం అదే. మాడ్యూలు పట్టకపోతే యూఐ సాగదీయడం మనం కనిపెట్టింది కాదు.

ఖమ్మంలో మాకొక మేస్త్రి దొరికాడు. డెబ్భై దాటినవాడు, ఏజెన్సీ సర్వీసు జీపులు రిపేరు చేస్తూ పెరిగినవాడు. "సారూ, పెట్రోలింజను పెడితే మీ జీతం దానికే సరిపోద్ది. డీజిలు ఉంచుకోండి" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. లీటరుకి ఏడో ఎనిమిదో ఇస్తుంది. కానీ ఆర్సీలో ఉన్నది పెట్రోలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా ఇంజను మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదని గట్టిగా చెప్పింది. ఎప్పుడో జరిగిన మార్పుకి రేపు యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు ముందు నేను నిలబడాలి. నా మటుకు నాకు ఒరిజినల్ పిచ్చి ఎంతుందో, కాగితాల భయం అంతకంటే ఎక్కువుంది.

ఇంజను పట్టేసి ఉంది. మేస్త్రి ప్లగ్గులు విప్పి, కిరోసిన్, ఇంజనాయిలు కలిపి పోసి, "పది రోజులు దీని మొహం చూడకండి" అన్నాడు. పదకొండో రోజు హ్యాండిలు పెట్టి మెల్లగా ఊపితే కదిలింది. బోరింగ్ చేయించి ముప్పై సైజు పిస్టన్లు వేశాం. అన్నిటికంటే నాకు నచ్చింది ముందు చక్రాల పని. 60 దాటితే స్టీరింగు వణకడం ఈ జీపుల జబ్బు. చాలామంది స్టీరింగు బాక్సు మార్చేస్తారు గానీ, అసలు రోగం తరచుగా కింగ్ పిన్ను బేరింగుల బిగువులో ఉంటుంది. పల్చటి రేకులు వేసి తీసి ఆ బిగువు సరిచేయాలి. సర్వీసు మాన్యువల్లో స్ప్రింగు కాటాతో లాగి కొలవమని ఉంది. మేస్త్రి చేత్తో తిప్పి "ఇది చాలు" అన్నాడు. నేను ఊరుకుంటానా, చేపలు తూచే కాటా తెచ్చి లాగి చూశాను. సరిగ్గా మాన్యువల్ చెప్పిన కొలతల మధ్యలోనే ఉంది. ఆయన కొడుకు ఈ పనిలో లేడు, ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. నేను ఫోన్లో వీడియోలు తీస్తున్నాను కానీ ఆ బిగువు వీడియోలో కనపడదు.

తర్వాత రంగు దగ్గర ఆగింది బండి. పాత జీపు అనగానే అందరూ అడిగేది మిలిట్రీ గ్రీను, పక్కన తెల్ల చుక్క. నాకూ ఉండేది ఆ మోజు. అయితే కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 121 అని ఒకటుంది, ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బళ్ళకి తప్ప ఎవరూ వేయకూడదని. రోడ్ల మీద ఎన్నో తిరుగుతున్నాయి నిజమే, ఆపేవాడు ఆపేదాకా.

ఈ విషయం ఇంట్లో మాట్లాడుతుంటే నాయనమ్మ విన్నది. ఆవిడకి తొంభై దగ్గర పడుతున్నాయి. "ఆ రంగు బండి మన వాకిట్లో పెట్టొద్దురా" అంది. ఎందుకే అంటే చాలాసేపు మాట్లాడలేదు. మా ప్రాంతం 1953 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. 1948 సెప్టెంబరు దాకా రజాకార్లు. ఆ నెల 13 నుండి 17 దాకా పోలీసు యాక్షను. జనం హమ్మయ్య అనుకునేలోగా అదే సైన్యం కమ్యూనిస్టుల కోసం ఊళ్ళ మీద పడింది. 1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటం విరమించేదాకా ఇదే వరస. "ఆ బండ్లు కనపడితే చాలు, మగాళ్ళు జొన్నచేలల్లోకి ఉరికేవాళ్ళు. చప్పుడుని బట్టే తెలిసేది మాకు" అంది నాయనమ్మ. ఎవర్ని తీసుకెళ్ళారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను, వాళ్ళ మనవలు ఊళ్ళోనే ఉన్నారు.

హాలీవుడ్ సినిమాలు చూసి పెరిగిన నాకు జీపంటే నార్మండీ. ఆవిడకి అది వాకిట్లోకొచ్చిన భయం. మనం ముచ్చటపడే ప్రతి పాత వస్తువూ ఎవరో ఒకరికి ఇలాంటిదే అయ్యుంటుందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. బండి అమ్మేద్దామనిపించలేదు మరి. అది బ్లాకాఫీసు తరహా జీపే గానీ తుపాకులు మోసింది కాదు కదా అని లాయరులా వాదించుకున్నాను లోపల. రంగు మాత్రం బూడిద కలిసిన నీలం అనుకున్నాం.

రిజిస్ట్రేషను గురించి రెండు ముక్కలు, అడుగుతారు కాబట్టి. 50 ఏళ్ళు దాటి, మార్పులు లేని బళ్ళకి 2021లో వింటేజ్ రూల్సు వచ్చాయి. నంబరులో వీఏ అని ఉంటుంది, 20 వేలు కట్టాలి, పదేళ్ళు చెల్లుతుంది. కానీ దాంతో రోజువారీ తిరగడానికి లేదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలు కొట్టించుకోడానికి, రిపేర్లకే. నాకు పొలం వెళ్ళాలి. నల్లరేగడి తడిస్తే ట్రాక్టరు కూడా దండం పెట్టే చోట రెండో లివరు లాగి లో గేరులో వెళ్ళడమే ఈ బండి అసలు సుఖం. అందుకని మామూలుగానే ఐదేళ్ళ రెన్యువలుకి వెళ్తున్నాను. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి, జీపులకి ఆ ఫీజు 10 వేలు చేశారు. అడవి సంగతి మాత్రం అడక్కండి. భద్రాచలం దారిలో కిన్నెరసాని అభయారణ్యంలోకి జీపేసుకుని దూరదామని మిత్రులు ఉబలాటపడుతున్నారు. అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టడం నేరం, పైగా పులులకి మన హరికేన్ అక్కర్లేదు.

ప్రస్తుతం బండి రెడ్ ఆక్సైడు మీద ఉంది. ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు ఆగదని పైపులు, పంపు డయాఫ్రం మార్చాం. ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది కాబట్టి అక్కడ పిసినారితనం పనికిరాదు. చప్పుడు విని నాయనమ్మ బయటికొచ్చి చూస్తోంది, ఎక్కలేదు ఇంకా. మోకాళ్ళు ఆ ఎత్తుకి లేవవట. మేస్త్రి పక్కన ఒక ఇనప మెట్టు వెల్డింగు చేస్తానంటున్నాడు. ఒరిజినల్లో అది లేదు. చేయమన్నాను.