వసంతకు, నీరసం గురించి

నెల్లూరు,
ఆగస్టు 12, 2021

ప్రియమైన వసంతా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఆనందయ్య కరోనా మందు ఎవరైనా మస్కట్ వచ్చేవాళ్ల చేత పంపమన్నావు. పంపను. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెబుతాను.

మే 21న ముత్తుకూరు రోడ్డు చూసుంటే నీకు నోట మాట వచ్చేది కాదు. ఆ మందు కోసం కృష్ణపట్నం వైపు కార్లు, ఆటోలు, బైకులు, మధ్యలో అంబులెన్సులు. ఆసుపత్రి మంచం దిగి, ఆక్సిజన్ పెట్టుకునే వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను మూర్ఖులని నేననను. ఆ నెలలో ఊళ్లో మంచం దొరకాలంటే ఎవరో పెద్దమనిషి చేత ఫోను చేయించాలి. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం మెడలో గొలుసు తాకట్టు పెట్టినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. అలాంటప్పుడు డబ్బడగకుండా చేతిలో మందు పెట్టే మనిషి ఒకడున్నాడంటే జనం పోరా? ప్రభుత్వం మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతిచ్చింది. హాని లేదన్నారు గానీ, జబ్బు తగ్గిస్తుందని రుజువైతే కాలేదు. పైగా నీకిప్పుడు కరోనా లేదు. ఉన్నది అది పోయాక మిగిలిన నీరసం.

నాకు కనిపిస్తున్నదేమిటంటే, జబ్బులో ఉన్నప్పటికంటే తేరుకునేటప్పుడే జనం ఎక్కువ మందులు మింగుతున్నారు. డిశ్చార్జి చేసేటప్పుడు చేతికిచ్చే కాగితంలో మాత్రల పేర్లుంటాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఎన్నాళ్లుంటుందో, దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వస్తే భయపడాలో అక్కర్లేదో అందులో ఉండదు. అడుగుదామంటే డాక్టరుకు తీరికుండదు. దాంతో మనిషి తిరగడం మొదలుపెడతాడు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిల్ ఎక్కించుకుంటాడు. ల్యాబుకెళ్లి ఎవరూ రాయకుండానే డి-డైమర్, సీఆర్‌పీ చేయించుకుంటాడు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయో లేదోనని మళ్లీ సీటీ స్కాన్ తీయించుకుంటాడు. ఒక్క సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా మేలోనే హెచ్చరించినా, వినే ఓపిక ఎవరికుంది? ఆర్‌ఎంపీని తిట్టడం సులువేగానీ, మా వీధిలో సెకండ్ వేవ్‌లో గడప దాటి లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని చూసింది ఆయనొక్కడే.

పెద్ద సంస్థలు మాత్రం తొందరగా మారాయా? ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన పరీక్షలో ప్లాస్మా చికిత్స వల్ల ప్రయోజనం లేదని 2020లోనే తేలింది. మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది ఈ ఏడాది మే 17న. ఆలోపు ఎంతమంది దాతల కోసం రాత్రింబవళ్లు ఫోన్లు చేసుంటారో!

నన్ను నిజంగా భయపెట్టింది స్టెరాయిడ్. డెక్సామెథసోన్ మంచి మందే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో అది ప్రాణాలు నిలబెట్టింది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకు, రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు దానివల్ల మేలేమీ కనపడలేదు. మా ఆడపడుచు భర్త, మల్కాజిగిరి అన్నయ్యగారు, ఇంట్లోనే కోలుకున్నారు. ఆ మాత్ర వేసుకున్న పూట ఒంట్లో సత్తువ వచ్చినట్టుంటుందని, ఆకలి పుడుతుందని, డాక్టరు రాసిన రోజులు అయిపోయాక కూడా పాత షీటు చూపించి కొత్తది తెచ్చుకుంటూ వచ్చారు. మెడికల్ షాపువాడు అడగలేదు. షుగరున్న మనిషి. ఓ పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఎడమ బుగ్గ మీద బ్లేడు ఆనుతున్నట్టే తెలియలేదట. తెగి రక్తం కారాక చూసుకున్నారు. మర్నాటికి ముక్కులోంచి నల్లటి చీమిడి. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లారు, తెలంగాణలో బ్లాక్ ఫంగస్ కేసులు ఎక్కువగా అక్కడికే వస్తున్నాయి. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పై దవడలో ఎడమ పక్క తీసేశారు. కన్ను దక్కింది. ఇప్పుడు జావ తాగుతున్నారు, మాట కాస్త ముద్దగా వస్తోంది. మా ఆడపడుచు ఆ మాత్రల ఖాళీ షీట్లన్నీ దాచిపెట్టింది, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తోంది.

ఇక నీ సంగతి. మనసులో పెట్టుకోకపోతే అదే పోతుందని మీవారు అన్నారన్నావు. నీది ఊహ కాదు వసంతా. కరోనా పోయాక నెలల తరబడి నీరసం తగ్గక బాధపడినవాళ్లే విదేశాల్లో ఒకరినొకరు వెతుక్కుని దీన్ని డాక్టర్ల దృష్టికి తెచ్చారు. బ్రిటన్‌లో ఇప్పుడు దీనికోసం ప్రత్యేకంగా క్లినిక్‌లు పెట్టారు. అరగంట వంట చేస్తే పడుకోవాల్సొస్తోందంటే, పావుగంట చేసి కూర్చో. అలసిపోయాక కాదు, అలసిపోకముందే ఆగాలి. బాగున్న రోజున పెండింగు పనులన్నీ మీదేసుకుంటే మరుసటి రోజులు మంచానికే పోతాయి. ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిచి ఆక్సీమీటరు పెట్టుకుని చూడు. 94 కంటే తగ్గితే నాకు కాదు, డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఇచ్చారన్నావు కాబట్టి షుగరు తప్పకుండా చూపించుకో. కషాయం తాగాలనిపిస్తే తాగు, మిరియాలు మాత్రం తగ్గించు, నీకు కడుపులో మంట ఎక్కువ. గుడ్డు, పప్పు మానకు. ఎవరు చెప్పినా సెలైన్ ఎక్కించుకోకు, చక్కగా అన్నం తినగలిగే మనిషికి దాంతో పనేముంది?

మా అక్క కూతురు పల్మనాలజీ చదువుతోంది తెలుసుగా. ఆదివారం సాయంత్రం డ్యూటీ లేదు, నీతో తీరిగ్గా మాట్లాడతానంది. రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ వెలుతురులో ఫొటోలు తీసి శనివారం లోపు పంపు. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకో. చిన్నదేలే అని ఏదీ వదిలెయ్యకు, జుట్టు సంగతి కూడా రాయి. ఆమె విసుక్కోదు.

నీ
సుభద్ర