మెడీనా నది ఒడ్డున మన మూపురం

టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో నుంచి వాయవ్యంగా గంట ప్రయాణంలో బండేరా అనే చిన్న ఊరుంది. ఊరి పక్కన మెడీనా నది, చుట్టూ సున్నపురాయి కొండలు, వాటి మీద పొట్టి పొట్టి ఓక్ చెట్లు. 1874 నుంచి కొన్నేళ్లపాటు ఈ చుట్టుపక్కల పోగైన పశువుల మందల్ని గుర్రాల మీద వెంట ఉండి వందల మైళ్లు ఉత్తరాన కాన్సాస్ రైలు స్టేషన్ల దాకా తోలుకెళ్లేవారు. రైలు దగ్గరికొచ్చింది, ముళ్లకంచెలు వచ్చాయి, ఆ తోలకం ఆగిపోయింది. పశువులూ గుర్రాలూ మాత్రం మిగిలాయి. 1920ల నుంచి ఇక్కడి రైతులు పట్నం జనాన్ని ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, గుర్రమెక్కించి, తమ పనిలో వెంట తిప్పుకుని డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. వాటినే గెస్ట్ ర్యాంచ్‌లంటారు. ఆస్టిన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఏప్రిల్లో నన్నూ మనవరాలినీ అలాంటి ఒక ర్యాంచ్‌కి తీసుకెళ్లింది.

నేను కృష్ణా డెల్టాలో పశువైద్యుడిగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కంకిపాడు, మొవ్వ, చల్లపల్లి, అవనిగడ్డ చుట్టూ నా సర్వీసంతా గడిచింది. గేదెలకు చూడి పరీక్షలు, దూడలకు జబ్బవాపు టీకాలు, వానాకాలం ముందు గొంతువాపు టీకాలు, రాత్రిళ్లు అడ్డం తిరిగిన ఈతలు. గుర్రాలకు వైద్యం చేసే అవకాశం నాకు పెద్దగా రాలేదు. నా చిన్నతనంలో బెజవాడ స్టేషన్ బయట వరసగా నిలబడిన జట్కాలు, ముఖానికి కట్టిన గోనెసంచిలోంచి దాణా తింటూ తోకతో ఈగలు తోలుకునే గుర్రాలు, వాటి పక్కన బీడీ కాల్చుకునే జట్కా సాయిబులు ఇప్పటికీ కళ్లముందున్నారు. నేను ఉద్యోగంలో చేరేసరికి ఆటోలొచ్చేశాయి. అందుకే అమ్మాయి "గుర్రపు స్వారీకి వెళ్దామా నాన్నా" అనగానే ఒప్పుకున్నాను.

ఒక సంగతి ముందుగా చెప్పాలి. మన దగ్గర్నుంచి అమెరికా వెళ్లేవాళ్లను ఈమధ్య పశువుల దగ్గర తిరిగారా అని విమానాశ్రయంలో అడుగుతారు. చాలామంది దాన్ని పట్టించుకోరు. పశువైద్యుణ్ణి కాబట్టి ఆ ప్రశ్న వెనకున్న భయం నాకు తెలుసు. వాళ్ల దేశంలో గాలికుంటు వ్యాధి చివరిసారి కనిపించింది 1929లో. మన పల్లెల్లో ఆ మాట చెబితే నమ్మరు. నోట్లో పుండ్లతో మేత ముట్టని ఆవుల్నీ గిట్టలు చీలి కుంటే ఎడ్లనూ నేను ఎన్ని వందలు చూశానో. చావిళ్లలో తొక్కిన చెప్పులేవీ నా వెంట తీసుకెళ్లలేదు. ర్యాంచ్‌లో వేసుకోవడానికి బూట్లు అక్కడే కొనుక్కున్నాను. గుర్రమెక్కేవాళ్లకు చిన్న మడమ ఉన్న బూటు కావాలి. మడమ లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుపోతుంది, పడ్డప్పుడు మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది.

తెల్లవారకముందే పని మొదలవుతుంది. రాత్రంతా బీట్లో మేసిన గుర్రాల్ని ఇద్దరు కుర్రాళ్లు తోలుకొస్తారు. చీకట్లో ముందు వాటి గిట్టల చప్పుడు, తర్వాత దుమ్ము, ఆ తర్వాత గుర్రాలు. అతిథులు చెయ్యదలచుకుంటే మాలీషు నుంచీ మొదలుపెట్టవచ్చు. నేను అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. జీను కింద ఒక్క ముల్లు ఉన్నా వీపు పుండవుతుంది కాబట్టి వీపంతా అరచేత్తో తడిమి చూడాలి. కాలెత్తి గిట్టలో రాయి ఇరుక్కుందేమో చూడాలి. దుప్పటి వేసి, జీను వేసి, కడుపు కింద పట్టీ బిగించి, కాసేపాగి మళ్లీ బిగించాలి. చాలా గుర్రాలు మొదటిసారి ఊపిరి బిగబట్టి కడుపు ఉబ్బిస్తాయి.

నాకిచ్చింది ఎర్రటి క్వార్టర్ హార్స్. పావు మైలు పరుగులో దాన్ని మించింది లేదని ఆ పేరు. పెదవి పైకెత్తి పళ్లు చూశాను. పద్దెనిమిదేళ్లు దాటి ఉంటుందన్నాను. గుర్రాలు చూసుకునే అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, నా వంక తేరిపార చూసి "పందొమ్మిది. మీరు డాక్టరా?" అంది. ఆ పూట నుంచి నన్ను డాక్ అనే పిలిచింది. కుంటే గుర్రమేదైనా ఉంటే నా దగ్గరికి తీసుకొచ్చి చూపించేది. అక్కడ వైద్యం చేసే లైసెన్సు నాకు లేదు. నేను చూసి, నాకు తోచింది చెప్పి, వాళ్ల డాక్టరును పిలవమనేవాణ్ణి.

పగ్గాలు ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. రెండో చెయ్యి తాడు కోసం. ఎడమ వైపు వెళ్లాలంటే నోరు గుంజకూడదు, పగ్గం మెడకు ఆనిస్తే చాలు, గుర్రం అటు తిరుగుతుంది. జీను ముందు కొమ్ములాంటి బొడిపె ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికని కొత్తవాళ్లనుకుంటారు గానీ అది తాడు చుట్టడానికి. పశువును తాడేసి పట్టాక ఆ తాడును కొమ్ముకు చుడితే గుర్రం బరువంతా దానికి ఎదురు నిలుస్తుంది. జీను దగ్గర్నుంచి బూటు మడమ దాకా అక్కడ ప్రతి వస్తువూ పశువుల పనిలోంచి పుట్టిందే. ఇది తెలిశాక గుర్రం మీద కూర్చోవడంలో నాకు వేరే శ్రద్ధ వచ్చింది.

కొండల్లోకి పోయే దారుల గురించి ఎక్కువ చెప్పను. నీలిరంగు బ్లూబానెట్ పూలు, నది వెంట పెద్ద పెద్ద సైప్రస్ చెట్లు, రాళ్ల మధ్య తేటనీళ్లు. ఇక్కడికి దగ్గర్లోనే క్యాంప్ వెర్డేలో 1856లో అమెరికా సైన్యం ఒంటెల్ని తెచ్చి పెట్టిందట. ఎండ ప్రాంతానికి ఎండ దేశపు జంతువు కావాలన్న ఆలోచన. ఒంటెలు నిలవలేదు. అదే ఆలోచనతో వచ్చిన మరో జంతువు నిలిచింది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

రెండో కొండ దిగుతుండగా కింద పచ్చికలో మంద కనిపించింది. గుర్రం చెవులు రెండూ అటు నిక్కబొడుచుకున్నాయి. బూడిద కలిసిన తెల్లరంగు, భుజాల మీద మూపురం, మెడ కింద మడతలు మడతలుగా ఊగే గంగడోలు. మనవరాలు నా వెనక గుర్రం మీద నుంచి "తాతయ్యా, మన ఆవులు!" అని అరిచింది. తను మా ఊరొచ్చినప్పుడు చూసినవి అవే కదా. అవి అచ్చంగా మన ఒంగోలు ఆవులు కావు. చెవులు పొడుగ్గా వేలాడుతున్నాయి, అది గిర్ రక్తం. కానీ ఆ నిలబడే తీరు, ఆ తలెత్తే తీరు నేను ముప్పై ఏళ్లకు పైగా చూసినవే.

వీటిని అమెరికన్ బ్రాహ్మన్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1920ల దాకా భారతదేశపు జాతులవి అమెరికా చేరినవి అన్నీ కలిపి మూడు వందలు కూడా లేవు. అందులోనూ దాదాపు అన్నీ ఆబోతులే. కాంక్రేజ్, గిర్, వాళ్లు నెల్లూరు అని రాసుకున్న మన ఒంగోలు, మన కృష్ణ ఎగువ ఒడ్డుల్లో కర్ణాటక, మహారాష్ట్ర రైతులు పెంచిన కృష్ణా వ్యాలీ, ఈ నాలుగింటినీ స్థానిక ఆవులతో కలిపి తరతరాలుగా ఎంచుతూ ఈ జాతిని తయారుచేశారు. 1924లో హ్యూస్టన్‌లో దీని పెంపకందార్ల సంఘం ఏర్పడింది. ఐరోపా నుంచి వచ్చిన ఆవులు గల్ఫ్ తీరపు ఎండకూ పిడుదులకూ తట్టుకోలేక పడిపోతుంటే ఇవి నిలబడ్డాయి. వదులుగా ఉండే చర్మం, ఎక్కువ చెమట గ్రంథులు, పొట్టి నున్నటి వెంట్రుకలు, ఈగ వాలితే ఒళ్లంతా జలదరించే శక్తి. ఈ లక్షణాలన్నీ పుస్తకంలో చదివినవే. మందకు ఎదురుగా గుర్రం మీద కూర్చుని ఆ చర్మం జలదరించడం చూస్తుంటే మా ఊరి చెరువుగట్టు మీద ఉన్నట్టే ఉంది.

మర్నాడు ఆ మందను ఒక బీటి నుంచి ఇంకో బీటికి మార్చే పనిలో అతిథులం కొందరం వెళ్లాం. ఈ యాత్రలో నేను నిజంగా నేర్చుకున్నది ఆ పూటే. మన దగ్గర పశువును కదిలించాలంటే ముకుతాడు పట్టుకుని ఒకరు ముందు, వెనక చర్నాకోలతో ఒకరు. అక్కడ ముకుతాడు లేదు, అరుపు లేదు, దెబ్బ లేదు. ప్రతి పశువుకూ చుట్టూ కొంత మేర తనదనుకునే చోటుంటుంది. దాని అంచులోకి గుర్రాన్ని ఒక్క అడుగు వేయిస్తే అది కదులుతుంది. ఆగితే అది ఆగుతుంది. భుజానికి వెనక నిలబడితే ముందుకు నడుస్తుంది, భుజం దాటి ముందుకొస్తే వెనక్కి తిరుగుతుంది. నలుగురు పనివాళ్లు, వెంట మేము, అరవై పశువులు, గేటు దాకా ఒక్కటీ పరుగెత్తలేదు. ఒక దూడ పక్కకు తప్పించుకోబోతే నేను పగ్గం కదపకముందే నా గుర్రం దానికి అడ్డం తిరిగింది. పందొమ్మిదేళ్ల వయసులో! ఆ గుర్రానికి ఆవు మనసు తెలుసు. నేను దాని మీద కూర్చుని ఉన్నాను, అంతే.

రాత్రి భోజనాల దగ్గర యజమానితో మాట్లాడాను. అరవై దాటిన మనిషి, నాలుగో తరం. బల్ల మీద వాళ్ల గొడ్డు మాంసమే ఉంది. మా ముగ్గురికీ చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె వేరుగా వండించారు. నేను తినను, ఆ మంద పోయేది అక్కడికేనని తెలిసి నాకు గుండె కలుక్కుమంది. ఆ మాట ఆయనతో దాచలేదు. ఆయన కూడా దాచకుండా చెప్పాడు: "పొలం దున్నే పని వీటికి ఇక్కడ ఎప్పుడూ లేదు. ఈ పని కూడా లేకపోతే ఇవి ఇక్కడ ఉండవు." 2011 కరువులో గడ్డి మాడిపోయి సగం మందను అమ్మేశారట. ఆ ఏడాది ర్యాంచ్‌ను నిలబెట్టింది అతిథుల డబ్బేనన్నాడు. గుర్రాల దాణా, లాడాలు, కుర్రాళ్ల జీతాలు ఈనాటికీ ఆ డబ్బులోంచే వస్తాయి. మందను కదిలించడానికి గుర్రం ఉంది, గుర్రాన్ని పోషించడానికి అతిథి ఉన్నాడు.

ఆయన మాట నన్ను వదల్లేదు. బ్రెజిల్‌లో మన ఒంగోలు రక్తం నెలోర్ పేరుతో కోట్ల తలలకు పెరిగింది. 1960ల తొలినాళ్లలో ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన ఆబోతు పేరు అక్కడి వంశవృక్షాల్లో ఇప్పటికీ ఉంది. ఇక్కడ, పుట్టింట్లో, లాం ఫారమ్‌లోనూ చదలవాడలోనూ సర్కారు కాపాడుతున్న మందలు కాక, రైతుల చావిళ్లలో ఎన్ని మిగిలాయి? నేను సర్వీసులో చేరినప్పుడు మొవ్వ చుట్టుపక్కల దమ్ము చెయ్యడానికి ఎడ్ల జతలుండేవి. తర్వాత ట్రాక్టరు వచ్చింది, కోతమిషను వచ్చింది, కుప్పగా ఉండే వరిగడ్డి చేలో చెల్లాచెదురై మంటల పాలైంది. గడ్డి లేదు, పని లేదు, ఎద్దు లేదు. ట్రాక్టరును నిందించను. ఆ దమ్ములో మనుషులు ఎంత నలిగారో నాకు తెలుసు.

ఒక్కచోట మాత్రం ఎద్దుకు ఇంకా పని ఉంది. సంక్రాంతికి గుడివాడలో, చుట్టుపక్కల ఊళ్ల తిరునాళ్లలో జరిగే బండ లాగుడు పోటీలు. పాలపళ్ల నుంచి రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్స్ దాకా విభాగాలు. పెట్టిన గడువులో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఆ గిత్తలకు రైతులు పెట్టే ఉలవలు, చేసే మాలీషు, తెల్లవారుజామున పొలం గట్ల మీద నడిపించే నడక చూస్తే బండేరా కుర్రాళ్లు గౌరవంతో టోపీ తీస్తారు. డెల్టాలో పశువు గురించి అంత లోతుగా తెలిసినవాళ్లు ఇప్పుడు వాళ్లే. వాళ్ల ఖర్చు ఎంతుంటుందో, బహుమతి డబ్బు అందులో ఎంత తక్కువో కూడా నాకు తెలుసు.

తిరిగొచ్చాక పామర్రు వైపు జత గిత్తలు పెంచుతున్న ఒక కుర్ర రైతు దగ్గరికి వెళ్లాను. వాళ్ల నాన్న కాలం నుంచీ నాకు ఆ ఇంటితో పరిచయం. బండేరా సంగతంతా చెప్పి, విజయవాడ, హైదరాబాదు పిల్లలు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా డబ్బిచ్చి వచ్చి నీ దగ్గర ఉంటామంటే ఏమంటావయ్యా అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. గిత్త మూపురం మీద చెయ్యేసి నిమురుతూనే ఉన్నాడు.

"ఉండమనండి డాక్టరు గారూ. ఇంట్లో గది ఉంది. మా అమ్మ వండుతుంది. కానీ నాలుగింటికి లేవాలి, పేడ తియ్యాలి, ఉలవలు నానబెట్టాలి. కొత్తవాళ్లు వెనక నుంచి రాకూడదు, అరవకూడదు. ఫోన్లు చావిడి బయటే. ఇంకోటి, దమ్ము రోజుల్లో మాకు ఎద్దులెందుకు పోయాయో కూడా మీరే వచ్చి వాళ్లకి చెప్పాలి. నేను చిన్నవాణ్ణి, నాకు సరిగ్గా తెలియదు."

మొదటి జట్టులో నా మనవరాలు, ఆస్టిన్ నుంచి తన స్నేహితులూ వస్తామన్నారు. డిసెంబరుకి టిక్కెట్లు తీశారు.