మనోడు మన టీమ్‌లో ఎందుకు లేడు?

ఈద్ అయ్యి వారం. ఫ్రిజ్‌లో షీర్ ఖుర్మా ఇంకా మిగిలే ఉంది. 2025 ఏప్రిల్ 6, ఆదివారం. మగ్రిబ్ నమాజ్ చేసుకుని షా అలీ బండాలో భాయిజాన్ ఇంటికి మ్యాచ్ చూడ్డానికి పోయాను. ఉప్పల్‌లో సన్‌రైజర్స్, గుజరాత్. మొదటి ఓవర్‌లోనే ట్రావిస్ హెడ్‌ని పంపించేశాడు మన సిరాజ్ మియా. మొత్తం 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఎవరికి దువా చెయ్యాలో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఓడుతున్నది మన షహర్ టీమ్, ఓడిస్తున్నది మన షహర్ పిల్లగాడు.

"చాచా, మనోడు మన టీమ్‌లో ఎందుకు లేడు?" అని అడిగాడు భాయిజాన్ కొడుకు.

ఉండె బేటా. 2017లో 2 కోట్ల 60 లక్షలకు సన్‌రైజర్స్ వాళ్లే కొన్నారు. 6 మ్యాచ్‌లలో 10 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది వేలంలో సరిగ్గా అదే ధరకు బెంగళూరు పట్టుకుపోయింది. ఫస్ట్ లాన్సర్ ఆటో డ్రైవర్ కొడుకుని ఏడు సీజన్లు ఆడించుకుంది. పరుగులు ధారపోసిన రోజుల్లోనూ ఉంచుకుంది. చివరికి వాళ్లూ వదిలేస్తే గుజరాత్ 12 కోట్ల 25 లక్షలు పెట్టింది.

రషీద్ ఖాన్ కథ ఇంకా బాధ. ఐదు సీజన్లు ఇక్కడ ఆడాడు. 2022 సీజన్ ముందు పైసల దగ్గర మాట కుదరలేదని పేపర్లలో వచ్చింది. సన్‌రైజర్స్ 14 కోట్లకు విలియమ్సన్‌ని, నాలుగేసి కోట్లకు అబ్దుల్ సమద్‌ని, ఉమ్రాన్ మాలిక్‌ని ఉంచుకుంది. 15 కోట్లకు రషీద్ గుజరాత్‌కు పోయాడు. ఆ ఏప్రిల్‌లో వాంఖడేలో రెండు టీమ్‌లూ తలపడ్డాయి. పడిన ఐదు వికెట్లూ ఉమ్రానే తీశాడు. అయినా ఆఖరి ఓవర్‌లో 22 పరుగులు కావాల్సి ఉంటే, ఆఖరి రెండు బంతులూ సిక్సర్లు కొట్టి రషీద్ గెలిపించాడు. కప్పూ గుజరాత్‌దే. మనం ఎనిమిదో స్థానం. ఆ సీజన్ అవ్వగానే విలియమ్సన్‌నీ వదిలేశారు. మరుసటి ఏడాది అట్టడుగు, పదో స్థానం. ఉమ్రాన్‌కి 2024లో దక్కింది ఒక్క మ్యాచ్. తర్వాత అతన్నీ వదిలేశారు.

2024లో 20 కోట్ల 50 లక్షలు పెట్టి కమిన్స్‌ని తెచ్చి ఫైనల్ దాకా పోయారు, అది ఒప్పుకోవాలి. గైబ్ ఎవరికీ తెలియదు, 2018లో సిరాజ్ ఇంతవాడవుతాడని ఎవరు చెప్పగలరు? విడివిడిగా చూస్తే ఒక్కో ఫైస్లా సబబుగానే కనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది, ఎవరినీ పెరిగేదాకా ఆగనియ్యలేదని.

అదే నెలలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఆ అడిగిన పిల్లగాడే మ్యాథ్స్‌లో ఫెయిల్. "చదివింది చాలు, రేపటి నుంచి దుకాణంలో కూర్చో" అన్నాడు భాయిజాన్.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. మా అబ్బా నోట. తొమ్మిదో తరగతిలో భాయిజాన్‌ని స్కూల్ మానిపించి లాడ్ బజార్‌లో గాజుల కార్ఖానాకు పంపారు. ఇంటి మీద కర్జా ఉండె. రెండేళ్లలో తీరింది. భాయిజాన్ మాత్రం తిరిగి బడికి పోలేదు. మా ఇద్దరిలో లెక్కలు వచ్చింది ఆయనకే. ఆయన లాఖ్ కరిగించిన పైసలతోనే నేను ఉర్దూ మీడియం బడి దాటి తెలుగులో డిగ్రీ చేశాను. అబ్బా తప్పు చేశారని అనలేను. ఆ నెల పూట గడవాలి కదా. కాని ఈ రోజు భాయిజాన్ నెత్తి మీద కర్జా లేదు, కోపం తప్ప.

"భాయిజాన్, ఆ రోజు వీడు అడిగిన సవాల్ యాదుందా?" అన్నాను.

జవాబు రాలేదు. చాయ్ చల్లారింది. పొద్దున ఫజర్ అయ్యాక ఫోన్ చేశాడు.

"సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడురా?"