తప్పు వేలిదా, మందుదా?

మా అమ్మాయికి ఈమధ్య కోపం రావడం మానేసింది. ‘ట్రిగ్గర్’ అవుతోంది! ఇడ్లీలోకి చట్నీ చాల్లేదన్నా ట్రిగ్గరే, జడ వేసుకోవే అన్నా ట్రిగ్గరే.

బి.ఏ. చదివిన పుణ్యమా అని నిఘంటువు తిరగేశాను. డచ్చివాళ్ల ‘ట్రెక్కర్’ దీనికి మూలమట. ‘లాగేది’ అని అర్థం. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి ‘ట్రిక్కర్’గా వచ్చి, నోళ్లలో నానినాని ‘ట్రిగ్గర్’ అయింది. సెలవుల్లో పిల్లలు మూటలు వీపున కట్టుకుని వెళ్లే ‘ట్రెక్కింగు’ కూడా ఆ డచ్చి పుట్టింటిదే. కాకపోతే దక్షిణాఫ్రికాలో ఎద్దుబళ్లెక్కి చుట్టుదారిన వచ్చింది. తుపాకీ మీటా, కొండదారీ దాయాదులన్నమాట!

సరే, అసలు సంగతికొస్తాను. మీట లాగడానికి చూపుడువేలి బలం చాలు. గుండును తోసేది మాత్రం వేలు కాదు, లోపల దట్టించిన మందు. 1914 జూన్ 28న సారయేవోలో గవ్రిలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల కుర్రాడు ఆస్ట్రియా యువరాజునీ, ఆయన భార్యనీ కాల్చాడు. సరిగ్గా నెల తిరిగేసరికి యుద్ధం! ఒక్క కుర్రాడి వేలు అంత ప్రపంచాన్ని తగలబెట్టగలదా? రాజ్యాలన్నీ ఫిరంగులూ పగలూ పోగేసుకుని కూర్చోబట్టి కాదూ!

మనవాళ్లు ఇలాంటిదాన్ని ‘నిమిత్తం’ అన్నారు. పక్కన ‘మాత్రం’ చేర్చి దాని స్థాయి కూడా చెప్పారు. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకతాళీయమని కాకిని వదిలేశారు. అంత తెలివైనవాళ్లం, ఇళ్లల్లో మాత్రం వేలినే పట్టుకుంటాం.

ఉమ్మడి కుటుంబాన్నే తీసుకోండి. పదేళ్లుగా అన్నదమ్ములు ఒకరికి తెలియకుండా ఒకరు లెక్కలు దాచుకుంటారు. అత్తగారు నగల పెట్టె తాళం వదలరు. మామగారు పేపరు చాటునుంచి బయటికి రారు. ఒకరోజు పొద్దున చిన్నకోడలు, “మా పిల్లాడి గ్లాసులో పాలు సగమే ఉన్నాయేం?” అంటుంది. అంతే! సాయంత్రానికి పొయ్యిలు రెండు. ఆపైన ముప్ఫై ఏళ్లు, పెళ్లికి కలిసినా తద్దినానికి కలిసినా, “ఆవిడ నోటి మూలాన్నే కదుటమ్మా ఇల్లు ముక్కలైంది” అని చెప్పుకుంటారు. మందు దట్టించినవాళ్లు పెద్దమనుషుల్లా తాంబూలాలు పుచ్చుకుని వెళతారు.

మా బంధువుల్లో అలాంటి చిన్నకోడలు ఒకావిడున్నారు. డెబ్బై దాటాయి. ఆ పాలు తాగిన పిల్లాడికి ఇప్పుడు కళ్లజోడు, బట్టతల. ఆవిడ నలుగురిలో నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు. పంక్తిలో కూర ఇంకాస్త కావాలన్నా చేత్తోనే సైగ చేస్తారు.