చేతికంటిన ఆయిల్



ఈసారి సాహిత్యం కాదు, కారు. మా ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ ఉంది. ఇంటిల్లిపాదికీ అదే బండి. మూడేళ్లుగా దాని సర్వీసింగ్‌లో చాలా పనులు నేనే ఇంటి ముందు చేసుకుంటున్నాను.

ఒక ఆదివారం పక్కింటాయన ఆగి అడిగాడు: "సార్, డాక్టరేట్ చేసినోళ్లు, మీరు కారు కింద పండుడేంది?" అదే వీధిలో ఒక రిటైర్డ్ ఇంజనీర్ తన పాత జీపును విప్పి బిగిస్తూ ఉంటాడు. ఆయన్ను ఎవరూ అలా అడగరు. పైగా మెచ్చుకుంటారు. గ్రీజు ఒకటే. ఆయన చేతికి అంటితే హాబీ. నా చేతికి అంటితే వాళ్లకు నా పుట్టుక గుర్తొస్తుంది.

మా అమ్మ బాధ వేరు. "ఇందుకేనా నిన్ను చదివించింది?" అంటది. మా తాత ఆరె, రంపె పట్టి ఊరి రైతులకు మోట బొక్కెనలు కుట్టినవాడు. తోలు ఎంత నానాలో, కుట్టు ఎంత దగ్గరగా పడితే నీళ్లు కారవో ఆయన చేతికి తెలుసు. దాన్ని ఎవరూ విద్య అనలేదు. వెట్టి కింద జమకట్టారు. కొన్ని పనుల మీద కులం మచ్చ వేస్తుందనీ, ఆ మచ్చ వల్లే మనుషులు ఆ పనులనుంచి తప్పించుకోవాలని చూస్తారనీ బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించారు. అమ్మ పారిపోయింది తోలు నుంచి కాదు, ఆ మచ్చ నుంచి.

నాకు ఈ పని నేర్పింది రోడ్డు పక్క షెడ్డులో పనిచేసే తమ్ముడు. టెన్త్‌తో చదువు ఆగిపోయింది. కానీ ప్రతి పనికీ కారణం చెబుతాడు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. ఎందుకంటే కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కలిసి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. ఆయిల్ దించే ముందు ఇంజన్ కాసేపు నడపాలి, వెచ్చబడి పలచనైతేనే మడ్డి కూడా కలిసి దిగుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డం పెట్టాలి. ఇటుకలు పేర్చి దూరినా ప్రమాదమే, అవి పగులుతాయి.

ఎందుకో చెప్పలేని మాట రాయొద్దని పీహెచ్‌డీలో నాకు నేర్పారు. ఆ తమ్ముడి పద్ధతీ అదే. నాది జ్ఞానం అయింది. అతనిది బిల్లులో 'లేబర్ ఛార్జి' అయింది. దాని మీద కూడా బేరమాడతాం.

అలాగని చేతిపని గొప్పదని మీకు సుద్దులు చెప్పను. నేను ఆదివారం మాత్రమే కారు కింద పడుకుంటాను. విసుగొస్తే లేచి పుస్తకం పట్టుకుంటాను. అతనికి ఆ వీలు లేదు. వీలున్నవాడు శ్రమను పొగడటం తేలిక.

అందుకే పొగడ్త కంటే ఒక ప్రశ్న ముఖ్యం. సుమారు ప్రతి 10,000 కిలోమీటర్లకు నా కారు నుంచి 3.5 లీటర్ల నల్లటి ఆయిల్ దిగుతుంది. అది ఎక్కడికి పోవాలి? "ముందర మోరీ ఉంది కదా సార్, పోసెయ్యండి" అన్నాడు అదే పక్కింటాయన.

ఆ మోరీ జామ్ అయితే ఎవరిని దింపుతారు? ఆయన కొడుకునైతే దింపరు. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దింపుతున్నారు. దిగేది మనవాళ్లే. పైన పోసిన ఆయిల్ కింద ఉన్న మనిషి ఒంటికే అంటుతుంది. నా కారు శుభ్రం కోసం నా అన్నదమ్ముడి ఒళ్లు మురికి చేయడానికా నేను చదువుకున్నది?

పాత ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. 2016 నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. నేను డబ్బాలో పట్టి, మూత బిగించి, డ్రమ్ముల్లో నింపి రీసైక్లర్‌కు పంపే వర్క్‌షాప్‌లో ఇచ్చొస్తాను. అందులో నీళ్లు, కూలెంట్ కలపను.

హాస్టళ్లలో బైకు ఆయిల్ మార్చుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకూ ఇదే మాట. నట్టు విప్పే ముందు స్పానర్‌తో పాటు డబ్బా కూడా పక్కన పెట్టుకోండి. మీ ఊళ్లో పాత ఆయిల్ ఎవరు తీసుకుంటారో ముందే కనుక్కోండి. నేర్పిన మెకానిక్‌కు బేరం లేకుండా డబ్బులివ్వండి.