చేతికి కట్టిన పట్టీ చెప్పని సంగతి

ఉద్యోగ విరమణ తరువాత అహోబిలంలో స్థిరపడిన నన్ను, ఆపరేషను కోసం కర్నూలు వెళ్లబోయే పెద్దలు ఒక ప్రశ్న అడుగుతుంటారు: “సారూ, మత్తులో ఉన్నప్పుడు మెదడుకు రక్తం అందకపోతే ఎవరికి తెలుస్తాది?” భయంతో అడిగినా ఇది సరైన ప్రశ్న.

మెదడు బరువు శరీర బరువులో సుమారు 2 శాతమే. కాని విశ్రాంతి సమయంలో శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల రక్తం అందాలి. ఆ ప్రవాహం పూర్తిగా ఆగితే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది; కొద్ది నిమిషాలలో శాశ్వత నష్టం మొదలవుతుంది. మెలకువగా ఉన్నవారు తల తిరుగుతోందని చెప్పగలరు. మత్తులో ఉన్నవారు చెప్పలేరు.

కనుక మత్తు వైద్యుడే కనిపెట్టి ఉండాలి. గుండెకు, మెడలోని కెరోటిడ్ ధమనికి చేసే ఆపరేషన్లలో మెదడును గమనించే ప్రత్యేక సాధనాలు వాడుతుంటారు. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ చూపిన మార్గంలో, నుదుటికి అంటించిన పట్టీ పరారుణ కాంతిని పంపి మెదడులోని ఆక్సిజన్ స్థితిని అంచనా వేస్తుంది. 1982లో రూనె ఆస్లిడ్ కణత గుండా అల్ట్రాసౌండ్ పంపి, మెదడు ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలిచారు. కెరోటిడ్ ఆపరేషనును కొందరు మెడకు మాత్రమే మత్తిచ్చి చేస్తారు. అవతలి వైపు చేతిని పిడికిలి బిగించమంటారు. పిడికిలి సడలితే మెదడుకు రక్తం చాలడం లేదేమోనని వెంటనే జాగ్రత్త పడతారు.

అయితే చాలా ఆపరేషన్లలో ప్రధాన ఆధారం చేతికి కట్టిన బి.పి. పట్టీయే. మోటారు బలం తగ్గితే కింది కుళాయికి నీళ్లు వస్తాయి గాని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కవు. అలాగే రోగిని కూర్చోబెట్టి చేసే భుజం ఆపరేషన్లో, పట్టీ కన్నా తల 26 సెంటీమీటర్లు ఎత్తున ఉంటే అక్కడ రక్తపోటు సుమారు 20 పాయింట్లు తక్కువ.

ఇక్కడ మీ బాధ్యత ఒకటుంది. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు ఉన్నవారి మెదడు ఆ ఎక్కువ ఒత్తిడికే అలవాటు పడి ఉంటుంది. ఇతరులకు చాలే పోటు వారికి చాలకపోవచ్చు. మీకు మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే ఎంతకు తగ్గనివ్వరాదో మత్తు వైద్యుడు నిర్ణయించగలడు. పాత బి.పి. చీటీలు వెంట తీసుకెళ్లండి. మునుపు పక్షవాతం వచ్చి ఉంటే దాచకండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఆపరేషను నాడు ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో అడిగి తెలుసుకోండి. ఎంత ఖరీదైన యంత్రమూ మీ పాత చీటీలోని ఆ అంకెను చెప్పలేదు.